చిట్టికి, శంకర్ గారి సంగతి

చిట్టీ,

ఎలా ఉన్నావమ్మా? ఫోను ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసా. పెద్దమ్మకి మోకాలి నొప్పి కాస్త నయం. నువ్వు ఉద్యోగం మానేశావని పిన్ని ఎక్కడో విందట. నేను నమ్మలేదు. ఆ సంగతి తర్వాత.

అటక దులుపుతుంటే తాతయ్య చందమామ బైండు దొరికింది. చిన్నప్పుడు నువ్వు పల్చటి కాగితం పెట్టి దిద్దావే, ఆ పెన్సిలు గాడి విక్రమార్కుడి కత్తి మీద ఇంకా తెలుస్తోంది. భుజాన శవం, చేతిలో దూసిన కత్తి, చుట్టూ శ్మశానం. నువ్వు భయపడుతూనే మళ్ళీ ఆ పేజీయే తీసేదానివి.

ఆ బొమ్మ శంకర్ గారిది. అసలు పేరు కె.సి. శివశంకరన్. 1924లో ఈరోడు వైపు పల్లెలో పుట్టి, మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదువుకున్నారు. అప్పుడక్కడ ప్రిన్సిపాలు దేవీప్రసాద్ రాయ్ చౌధురి. చదువయ్యాక ఏం చేశారనుకున్నావు? ఉద్యోగంలో చేరారు, 'కలైమగళ్' అనే తమిళ పత్రికలో. 1952లో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల చందమామకి వచ్చారు. అదీ ఉద్యోగమే. బొమ్మలు వేసే చిత్రా గారు అప్పటికే అక్కడున్నారు. కథ ఏ భాషలో అచ్చయినా బొమ్మ ఒకటే. తెలుగు పిల్లలూ తమిళ పిల్లలూ హిందీ పిల్లలూ చూసిన విక్రమార్కుడు ఆయన చేతి విక్రమార్కుడే. నెలనెలా సంచిక రావాలి కదా, ఒంట్లో బాగున్నా లేకున్నా బొమ్మ వేళకి అందాలి. అలా దాదాపు అరవై ఏళ్ళు, పత్రిక ఆగిపోయేదాకా వేశారు. 2020 సెప్టెంబరులో పోయారు. పద్మశ్రీ 2021లో ప్రకటించారు. ఆయన ఉండగా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదమ్మా!

చూశావా, అంతటి మనిషి జీతం వదులుకోలేదు. జీతం పుచ్చుకున్నందుకు ఆ బొమ్మలకి వచ్చిన లోటేమీ లేదు. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తానంటే నేనెప్పుడైనా కాదన్నానా? వెయ్యి. కానీ చేతిలో ఏడాది ఖర్చుకి డబ్బుండాలి. ఒప్పుకున్న పని కాగితం మీద రాయించుకోవాలి. అడ్వాన్సు చేతిలో పడందే పెన్సిలు ముట్టకు. మొహమాటానికి ఊరికే వేసిపెడితే రేపు అందరూ ఊరికే అడుగుతారు. ఇంటద్దె ఒకటో తారీకున కట్టెయ్యాలి, ఆ ఇంటావిడతో మాట పడకూడదు. ఇంకా రాస్తే విసుక్కుంటావు, ఆపేస్తున్నాను.

మానేసి ఉంటే మానేశానని చెప్పు. నాన్నగారితో నేను మాట్లాడతాను. మానకపోతే అదే పిన్నికి చెప్తాను, ఊరంతా చాటకముందే.

రాత్రిళ్ళు గుడ్డి దీపం కింద బొమ్మలు వెయ్యకు. కళ్ళజోడు పవరు చూపించుకో. కందిపొడి, గోంగూర పచ్చడి పంపుతున్నాను, పచ్చడిలో తడి గరిటె పెట్టకు. ఆదివారం పొద్దున్నే ఫోను చేస్తాను. ఎత్తు.

అమ్మ