ఫీజు పక్కన జీతం కూడా అచ్చు వేయించండి

అయ్యా,

కోనసీమకు టూరిస్టులు వస్తున్నారు, కాలవ గట్ల మీద రిసార్టులు లేస్తున్నాయి, ఆ లైన్లో డిగ్రీ చేసిన పిల్లలకు ఇక తిరుగులేదు. ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మా ఊళ్లో ఎవరి నోట విన్నా ఇదే మాట. మీ పత్రిక జిల్లా పేజీల్లోనూ ఆ మాట చెప్పే ప్రకటనలు పడుతున్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

బ్యాంకులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో చాలాకాలం అప్పుల బల్ల దగ్గరే. అందుకని చదువు అప్పు కాగితాలు పట్టుకుని ఇప్పటికీ ఎవరో ఒకరు మా అరుగెక్కుతుంటారు. పోయిన వారం వెనక వీధిలో ఉండే ఒకావిడ వచ్చి "బాబాయి గారూ, ఇది కాస్త చూసి పెట్టండి" అని రంగుల పుస్తకం ఒకటి చేతిలో పెట్టింది. పొరుగు రాష్ట్రంలో ప్రైవేటు యూనివర్సిటీ. బీబీఏ, రిక్రియేషన్ అండ్ టూరిజం మేనేజ్‌మెంట్. పార్కులు, బీచ్‌లు, రిసార్టులు, ఉత్సవాలు నడపడం నేర్పే చదువు. మూడేళ్లకు ఫీజూ హాస్టలూ కలిపి 6 లక్షలు. వెనక అట్ట మీద కోటు తొడుక్కున్న కుర్రాడు, కింద "ప్యాకేజీ 12 లక్షలు". ఆ ఒక్క కుర్రాడికి సరే, తక్కిన తరగతి ఏమైందో పుస్తకం అంతా తిరగేసినా లేదు.

ఆవిడకున్నది అరెకరం కొబ్బరితోట. భర్త కువైట్‌లో డ్రైవరు. బయటి రాష్ట్రం ప్రైవేటు సీటు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంటు రాదు. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అనే చదువు అప్పుల పథకంలో 10 లక్షల లోపు అప్పుకు, ఏడాది ఆదాయం 8 లక్షలు దాటని ఇళ్లకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది కానీ అది జాబితాలో ఉన్న సంస్థలకే. ఆ జాబితాలో ఈ యూనివర్సిటీ పేరు నాకు కనబడలేదు.

అరుగు మీద కూర్చునే లెక్క వేశాం. వడ్డీ 10 శాతం అనుకుందాం. ఏడాదికి 2 లక్షల చొప్పున బ్యాంకు ఇస్తుంది. చదువు మూడేళ్లు, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదంటే వడ్డీ పడదని మనవాళ్ల లెక్క. అది పడుతూనే ఉంటుంది. మొదటి 2 లక్షల మీద నాలుగేళ్లకు 80 వేలు, రెండో దాని మీద 60 వేలు, మూడో దాని మీద 40 వేలు. తొలి వాయిదా నాటికే అప్పు 7 లక్షల 80 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,300. మొత్తం కట్టేది 12 లక్షల 37 వేలు. వాయిదా బరువని పదిహేనేళ్లు పెట్టుకుంటే నెలకు 8,380కి దిగుతుంది గానీ మొత్తం 15 లక్షలు దాటుతుంది. ఆవిడ ఆ కాగితం వంక చాలాసేపు చూసి "పన్నెండు లక్షల ప్యాకేజీ అంటే ఈ పన్నెండు లక్షలేనాండీ?" అంది. ఆ మాటకు నవ్వాలో ఊరుకోవాలో తెలియలేదు.

మరి జీతం? మా బంధువుల అబ్బాయి ఇలాంటి డిగ్రీయే చేసి గోదావరి ఒడ్డున ఒక రిసార్టులో 14 వేలకు చేరాడు, తిండీ పడకా వాళ్లవే. రెండో ఏడు హైదరాబాదు వెళితే 19 వేలు, గది అద్దె తనదే. అందులోంచి 10,300 తీస్తే మిగిలేది మీరే లెక్క వేసుకోండి. ఒక్కడిని చూసి అందరి గతీ ఇంతే అనకూడదని నాకూ తెలుసు. అందరి అంకెలూ బయటపెట్టండి అని అడుగుతున్నదీ అందుకే.

మన దగ్గర ఈ వ్యాపారం ఏడాది పొడుగునా ఒకలా ఉండదు. సంక్రాంతి మూడు రోజులూ దిండి నుంచి భీమవరం దాకా గది దొరకదు (కోడిపందేల మహిమ ఎంతో, ప్రకృతి మహిమ ఎంతో నేను చెప్పను). శ్రావణంలో వరదొస్తే లంకలు మునుగుతాయి, బోట్లు గట్టుకు కట్టేస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగాక పాపికొండల విహారం చాలాకాలం ఆగిపోయింది. ఆ బోట్ల మీద బతికే ఇళ్లలో అన్నాళ్లూ ఏం ఉడికిందో ఎవరూ రాయలేదు. బ్యాంకు వాయిదాకు మాత్రం సీజనంటూ ఉండదు. పైగా ఇక్కడి ఓనర్లు వెతికేది బోటు నడిపే సరంగుల్ని, వంటవాళ్లని, గదులు సర్దేవాళ్లని. మేనేజరు కుర్చీ చాలాచోట్ల ఓనరు గారి బావమరిదిది.

అలాగని ఈ చదువును వెక్కిరించడం లేదు. 2015 పుష్కరాల మొదటి రోజే రాజమండ్రిలో తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయారు. జనాన్ని ఎటు నుంచి రానివ్వాలి, ఎటు పంపాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఈ కోర్సులో పాఠమే. వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కుకు వచ్చే జనాన్ని చూసినవాళ్లకు ఆ పాఠం ఎంత అవసరమో వేరే చెప్పాలా? మళ్లీ 2027లో పుష్కరాలు. పని ఉంది, పోస్టు లేదు. పార్కు కాంట్రాక్టరుది, ఘాటు పోలీసులది, ఉత్సవం ఈవెంటు కంపెనీది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది, మంచిదే. ఆ హోదాతో పాటు దేవస్థానాల్లో, మున్సిపాలిటీల్లో ఈ డిగ్రీకి పోస్టులు కూడా పెట్టి ఉంటే మా అరుగు మీద లెక్క వేరేలా వచ్చేది.

అమెరికాలో 2015లో మొదలుపెట్టిన కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. ఇప్పుడందులో కోర్సు వారీగా చూడొచ్చు, పార్కులు, రిక్రియేషన్ డిగ్రీలతో సహా: విద్యార్థుల మధ్యస్థ అప్పు ఎంత, చదువయ్యాక మధ్యస్థ సంపాదన ఎంత అని. మధ్యస్థం అంటే అందరి జీతాలూ వరసన పేరిస్తే సరిగ్గా నడుమ నిలబడేవాడిది. సంపాదన అంకెలు కాలేజీ చెప్పినవి కావు, పన్నుల రికార్డుల్లోంచి తీసినవి. 2025లో అక్కడ తెచ్చిన చట్టం ఇంకా కటువు: డిగ్రీ చేసినవాళ్ల మధ్యస్థ సంపాదన హైస్కూలుతో ఆపేసినవాళ్ల కంటే తక్కువగా మూడేళ్లలో రెండేళ్లు తేలితే ఆ కోర్సుకు ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) అప్పులు ఆపేస్తారు.

మనకూ కేంద్రం ఏటా కాలేజీలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు మధ్యస్థ జీతం ఇస్తాయి. కానీ అది ఉద్యోగం వచ్చినవాళ్లదే, పైగా మూడేళ్ల డిగ్రీలన్నీ కలగలిపి. బీకాం జీతంలో టూరిజం జీతం కలిసిపోతుంది, ఉద్యోగం రానివాడు లెక్కలోనే ఉండడు. కోర్సు వారీగా, ఎందరు చేరారు, ఎందరికి ఏ జీతం వచ్చింది అని ప్రతి ప్రకటనలో ఫీజు ఎంత అక్షరాల్లో వేస్తారో అంతే అక్షరాల్లో వేయాలని ఉన్నత విద్యామండలి ఆదేశించాలి. బ్యాంకులు కూడా సంతకానికి ముందే నెల వాయిదా, మొత్తం కట్టేది తెలుగులో రాసి ఇవ్వాలి, ఎందుకంటే అప్పులో తల్లో తండ్రో కూడా భాగస్వామే. ఈ మాట చెప్పే అర్హత నాకు అంతగా లేదు. మా రోజుల్లో అప్పు ఫారంలో "చదువు తర్వాత ఆశించే ఆదాయం" అని ఒక గడి ఉండేది. టార్గెట్ల మార్చి నెలలో ఆ గడిలో నా చేత్తో ఎన్నిసార్లు "బాగుంటుంది" అని రాశానో నాకే గుర్తులేదు.

ఆవిడకు రెండు మాటలు చెప్పాను. కేంద్ర పర్యాటక శాఖ కింద నెల్లూరులో ఐఐటీటీఎం అనే టూరిజం చదువుల సంస్థ ఉంది, ముందు అక్కడ ప్రయత్నించమన్నాను. అప్పు తప్పకపోతే కొబ్బరి దింపు డబ్బుల్లోంచి వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేయమన్నాను: మొదటి ఏడాది నెలకు 1,667 రూపాయలు, రెండో ఏడాది 3,333, ఆ తర్వాత 5,000. అలా కడితే తొలి వాయిదా నాటికి అప్పు 6 లక్షల దగ్గరే ఉంటుంది.

ఆ పుస్తకంలో ఉన్న నంబరుకు నేనే ఫోన్ చేశాను. మూడేళ్ల కిందట పాసైన బ్యాచిలో ఎందరున్నారు, ఇప్పుడు ఎవరెవరు ఎంత జీతానికి చేస్తున్నారు అని అడిగాను. "కౌన్సెలరు గారు మాట్లాడతారు సార్" అన్నారు. సాయంత్రం కౌన్సెలరు గారు చేశారు, సీటు బ్లాకు చెయ్యడానికి 10 వేలు ఎప్పుడు కడుతున్నారని.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
రాజోలు