ఎర్రగడ్డ, నో క్యాప్

అనంతపురం,
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి,

మీ రూమ్‌లో ఎవరో 'నో క్యాప్' అన్నారని, నువ్వు "ఏ టోపీ?" అని అడిగావని, నలుగురూ పడీపడీ నవ్వారని అమ్మ చెప్పింది. అప్పటినుంచి వాళ్ల మధ్య నోరు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉందన్నావట. ఆ మాట విన్నప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

మన జిరాక్స్ షాపుకి వచ్చే ఇంజనీరింగ్ పిల్లల్ని అడిగాను. రికార్డులు బైండింగ్ అయ్యేలోపు ఒక్కో మాటా చెబుతుంటే, పాడైన కాగితం వెనక రాసుకున్నాను. క్యాప్ అంటే అబద్ధం. నో క్యాప్ అంటే మనం 'ఒట్టు' అన్నట్టు. 'సస్' అంటే అనుమానంగా ఉందని. సస్పీషియస్‌ను సగానికి కోశారు. 'మిడ్' అంటే అంతంతమాత్రం. 'గోట్' అంటే మేక కాదు, గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్‌లోని మొదటి అక్షరాలు. 'రిజ్' అంటే ఎదుటివాళ్లను ఇట్టే ఆకట్టుకునే గుణం, కరిస్మా అనే మాటను నడిమికి తుంచి తీసుకున్నది. 2023లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు దాన్ని ఆ ఏటి మాటగా ఎంచారు. అది చెప్పిన పిల్లాడే "ఇప్పుడది పాతబడిపోయింది అంకుల్" అన్నాడు. అంత తొందరగా పోయే మాట తెలియలేదని నువ్వు బెంగపెట్టుకుంటున్నావు!

అన్నీ పోవులే. ఓకే కూడా ఇట్లా పుట్టిందే. 1839లో బోస్టన్ పత్రిక ఒకటి 'ఆల్ కరెక్ట్'ను కావాలని తప్పు స్పెల్లింగ్‌తో కుదించి అచ్చేసింది. ఇవాళ మీ అవ్వ కూడా ఓకే అంటుంది.

తర్వాత నేనే కూర్చుని ఇంకొంచెం చదివాను. ఈ క్యాప్, స్లే (అంటే అదరగొట్టడం) లాంటివి చాలావరకు అమెరికాలో నల్లజాతివాళ్లు తమలో తాము మాట్లాడుకునే ఇంగ్లీషు నుంచి వచ్చినవి. ఆ ఇంగ్లీషును తప్పులతడక అని ఎన్నో ఏళ్లు బళ్లలో కొట్టిపారేశారు. ఇప్పుడదే తెలియకపోతే నవ్వుతున్నారు. అది చదివినప్పుడు నాకు నా ఎర్రగడ్డ గుర్తొచ్చింది.

నీకెప్పుడూ చెప్పలేదు. డిగ్రీకి గుంటూరు పోయిన కొత్తలో, మెస్‌లో పెరుగన్నంలోకి రెండు ఎర్రగడ్డ ముక్కలు పెట్టమని అడిగాను. పక్కనున్న కుర్రాడు "ఎర్రగడ్డంటే హైదరాబాద్‌లో పిచ్చాసుపత్రి ఉన్న చోటు కదా, అక్కణ్నుంచే వచ్చావా?" అన్నాడు. బల్ల మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. పెరుగు అంటిన చేత్తో అట్లానే కూర్చుండిపోయాను. మర్నాటినుంచి ఉల్లిపాయ అన్నాను. చెనిక్కాయలు వేరుశనక్కాయలయ్యాయి, ఉర్లగడ్డ బంగాళాదుంపయింది. సెలవులకు ఇంటికొచ్చి మీ అవ్వను కూడా ఉల్లిపాయే అడిగాను. ఆమె ఒక్క క్షణం నా మొహం వైపు చూసి, ఏమీ అనకుండా తరిగి పెట్టింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నువ్వు ఆ మాటలు నేర్చుకో తల్లీ, ఏం తప్పులేదు. సార్లకు రాసే మెయిళ్లలో మాత్రం వద్దు. తెలియని మాట వస్తే "నాకు తెలియదు, అర్థం చెప్పు" అని అడుగు. వాళ్లు నవ్వినా అడుగు. నాకు ఆ వయసులో అట్లా అడగడం, నా మాటకు నేనే అర్థం చెప్పుకోవడం చేతకాలేదు. ఎర్రగడ్డ అంటే మా వైపు ఉల్లిపాయ అని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది.

బుధవారం బస్సుకు చెనిక్కాయ ఉంటలు పంపుతున్నాను. బెల్లం పాకం మీ అవ్వే పట్టింది. రూమ్‌లో అందరికీ పెట్టు. ఏమిటివి అని అడిగితే చెనిక్కాయ ఉంటలనే చెప్పు. రాత్రికి ఫోన్ చేసి, వాళ్లేమన్నారో చెప్పు. కొత్త మాట ఏదైనా వినుంటే అది కూడా చెప్పు, కాగితంలో ఇంకా చోటుంది.

మీ నాయన