ఆరు బండ్లు తిరిగొచ్చాయి, తప్పు మాదే

డిసెంబరులో మంచు పడీ పడగానే మా షెడ్డుకు ఆరు స్నోమొబైళ్లు, అంటే మంచు మీద నడిచే బండ్లు, వచ్చాయి. ఆరింటిదీ ఒకటే జబ్బు: చోక్ వేస్తే నడుస్తాయి, తీస్తే ఆగిపోతాయి. అన్నీ పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ ఉన్న పాత మోడళ్లే. వేసవంతా మా దగ్గరే ఉన్నాయి, అందుకు మీరు డబ్బు కట్టారు. అందుకే జరిగింది దాచకుండా రాస్తున్నాను.

ఏప్రిల్‌లో ట్యాంకుల్లో స్టెబిలైజర్, అంటే నిల్వ పెట్రోలు పాడవకుండా కాపాడే మందు, పోశాం. పోశాక ఇంజన్‌ను ఐదు నిమిషాలైనా నడపాలి. నడపకుండానే కవర్లు కప్పేశాం. దాంతో మందు ట్యాంకులోనే ఉండిపోయింది. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఎనిమిది నెలలు కదలకుండా జిగురు కట్టింది. గిన్నె విప్పితే అడుగున బెల్లం పాకం ఆరిపోయినట్టు ఒక పొర. పెట్రోలు సన్నగా వెళ్లే పైలట్ జెట్‌ను దీపానికి ఎదురుగా పట్టి చూస్తే వెలుగు రాలేదు. సూది మొన పట్టేంత రంధ్రం అది. పూడిపోతే నెమ్మదిగా తిరిగే ఇంజన్‌కు పెట్రోలు అందదు. ఆరింటినీ ఉచితంగా బాగు చేశాం. ఒకాయనైతే డెట్రాయిట్ నుంచి మిషిగన్ ఉత్తరాన ఉన్న గేలార్డ్ దాకా బండిని ట్రెయిలర్ మీద లాక్కెళ్లి, పిల్లల ముందు గంటసేపు స్టార్టర్ తాడు లాగారట. ఆయన నిల్వ డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చాను.

ఇంకో సంగతి. షెడ్డులో ఉన్నది నేనూ, ఒక కుర్రాడూ. జనవరి నెలాఖరు దాకా ఖాళీ లేదు. వస్తున్న బండ్లలో చాలావాటికి మా అవసరమే లేదని చెబితే నా గల్లాపెట్టెకే నష్టం, అయినా చెబుతున్నాను.

బండి స్టార్ట్ కాకపోతే ముందు ఆపే స్విచ్ నొక్కి ఉందేమో చూడండి. నవ్వకండి, నిరుడు దానికోసమే మూడు బండ్లు వచ్చాయి. తర్వాత ప్లగ్గులు విప్పండి. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, ఆరబెట్టి బిగించండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడమే లేదు. మీలో పాత చేతక్ స్కూటర్ నడిపినవారికి ఇది కొత్త కాదు, ఇదీ ఆ జాతి టూ స్ట్రోక్ ఇంజనే. గ్యారేజీ తలుపు పూర్తిగా తెరవకుండా మాత్రం ఇంజన్ వేయవద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఇంజన్ హోరెత్తుతున్నా బండి కదలకపోతే, ఇంజన్ శక్తిని ట్రాక్‌కు, అంటే బండి కింద తిరిగే రబ్బరు పట్టాకు, అందించే బెల్టును అనుమానించండి. ఇంజన్ ఆపి, చల్లారాక మూత తీయండి. బెల్టు అంచులు అద్దంలా మెరుస్తున్నా, పళ్లు ఊడినా మార్చాల్సిందే. తెగిన బెల్టు పోగులు క్లచ్‌కు చుట్టుకుని ఉంటాయి, ఒక్కటీ మిగలకుండా తీయండి. కొత్తదాని మీద బాణం గుర్తు ఉంటే అది తిరిగే వైపే చూడాలి.

బెల్టు కాలడానికి నేను ఎక్కువగా చూసే కారణం ఇంటి ముందే ఉంటుంది. సాయంత్రం తడి ట్రాక్‌తో నిలిపిన బండి రాత్రికి నేలకు అతుక్కుంటుంది. తెల్లారి అలాగే త్రాటిల్ ఇస్తే ట్రాక్ కదలదు, బెల్టు ఉన్నచోటే రాసుకుని కాలుతుంది. ఇద్దరు కలిసి వెనక బంపర్ ఎత్తి కిందికి వదలండి, ట్రాక్ ఊడి వస్తుంది. రాత్రి చెక్క పలకల మీద నిలిపితే ఆ బాధే ఉండదు. ఉత్త తారురోడ్డు మీద దూరం నడపకండి. ట్రాక్ లోపలి ప్లాస్టిక్ పట్టీలకు మంచే నూనె, మంచే నీళ్లు. అది లేకపోతే అవి కరిగిపోతాయి.

క్లచ్ విప్పడం మాత్రం మాకు వదిలేయండి. దానికి వేరే పనిముట్లు కావాలి, లోపలి స్ప్రింగు ముఖం మీదికి ఎగిరిందంటే దెబ్బ గట్టిగా తగులుతుంది.

వచ్చే ఏప్రిల్‌లో బండి ఇచ్చేవారికి, స్టెబిలైజర్ పోశాక ఇంజన్ నడుస్తున్న వీడియో ఫోనుకు పంపుతాం. అది అందేదాకా నిల్వ డబ్బు కట్టకండి.