ప్రభుత్వ కార్యక్రమాలకు అరువు నిలిపివేతపై మా కళాకారులకు మనవి

హనుమకొండలోని మా నాటక దుస్తులు, అలంకరణ సామగ్రి అద్దె దుకాణానికి ఏళ్లుగా వస్తున్న నాటక సమాజాలకు, నాట్య గురువులకు, చిందు యక్షగానం ఆడే మేళాల (బృందాల) వారికి నమస్కారం. వచ్చే ఉగాది నుండి ప్రభుత్వ కార్యక్రమాలకు తీసుకునే సామగ్రిపై అరువు ఉండదు. అద్దెలో సగం ముందుగా, మిగిలినది సరుకు తిరిగి అప్పగించిన నాడు చెల్లించవలసి ఉంటుంది. కారణం దాచదలచుకోలేదు.

1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీని 1983లో రద్దు చేసిన నాటికి దుకాణం మా నాన్నగారి చేతిలో ఉండేది. 1985లో వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయం వల్ల జానపద కళల పరిశోధనకు వరంగల్‌లోనే పీఠం ఏర్పడింది గానీ, మేళం ఖర్చు చూసే వారు మాత్రం లేకపోయారు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక పరిస్థితి మారింది. ప్రభుత్వ సంస్థ అయిన సాంస్కృతిక సారథి ద్వారా 550 మంది కళాకారులకు ఉద్యోగాలు వచ్చాయి. 2022 జులైలో కాకతీయ వైభవ సప్తాహం నాటికి మా దగ్గర పేరిణి నాట్యపు గజ్జెలు ఒక్క జత కూడా మిగలలేదు.

అయితే ఆ ఆదరణ పండుగలకు, భవనాలకు వచ్చినంతగా మేళాలకు రాలేదు. 2014 సెప్టెంబరు 9న శంకుస్థాపన జరిగిన కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరు 19న ప్రారంభమైంది. ఆలస్యమైనా మంచి వేదిక దక్కినందుకు సంతోషమే. 2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ జిల్లా విడిపోయాక మాత్రం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వారందరికీ జూన్ 2న రాష్ట్ర అవతరణ దినానికి, సెప్టెంబరు 9న కాళోజీ జయంతికి ఒకేసారి అవే కిరీటాలు, అవే గజ్జెలు కావాలి. ఆ రెండు రోజులు దాటితే సరుకంతా పెట్టెల్లోనే ఉంటుంది. పైగా ఆ కార్యక్రమాలు కూడా ఈమధ్య తగ్గాయి, జరిగిన వాటి బిల్లులు ఎప్పుడు పాసవుతాయో చెప్పే వారు లేరు. మేళం పెద్దకు సొమ్ము అందితేనే మాకు అందుతుంది కదా.

ఈలోగా సరుకు ఊరికే ఉండదు. చిందు భుజకీర్తులు తేలికైన కొయ్యతో చేసినవి. చెమట తగిలి రంగు పొరలు లేస్తాయి, అద్దం బిళ్ళలు ఊడిపోతాయి, ఒక్కొక్కటి తిరిగి అతికించి రంగు వేయించేసరికి ఆ రోజు అద్దె అందులోనే పోతుంది. గజ్జెల తోలు పట్టీలు కుట్టే వారు దొరకడం మరీ కష్టమైంది. పౌరాణిక నాటకాల తెరలను ఇక కొత్తగా రాయించడం లేదు. ఉన్నవి ఉన్నంత వరకే ఇస్తాము.

ఊరివారు చందాలు వేసుకొని ఆడించుకునే ఆటలకు పాత పద్ధతే కొనసాగుతుంది, ఎందుకంటే ఆ సొమ్ము ఆట ముగిసిన మరునాడే వస్తుంది. పాత బాకీ ఉన్నదని మొహమాటపడి దుకాణానికి రావడం మానుకున్న మేళాల వారికి ప్రత్యేకంగా ఒక మాట: ఆ ఆలస్యం మీది కాదని మాకు తెలుసు. ఆఫీసులో ఇచ్చిన బిల్లు నకలు తెచ్చి చూపండి, ఆ బాకీని పక్కన పెట్టి కొత్త సరుకు ఇస్తాము.