పొన్నూరు పెద్దమ్మగారికి కృతజ్ఞతలు

మా తమ్ముడి క్షయ మందుల ఆరు నెలల కోర్సు నిన్నటితో పూర్తయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. వాడి అనుమతితో, పేర్లు లేకుండా ఇది రాస్తున్నాను.

కళ్లె పరీక్షలో క్షయ అని తేలగానే, క్షయ ఉన్నవారందరికీ చేసే హెచ్‌ఐవీ పరీక్ష వాడికీ చేశారు, అదీ ఉందన్నారు. మా అమ్మ, మా ఆవిడ చేసిన సేవ గురించి వేరే చెప్పనక్కరలేదు, ఇంటివాళ్లు.

చెప్పవలసింది గుంటూరులో రెండో నెల మందుల కోసం వెళ్లినప్పుడు, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం బల్ల మీద మా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ గురించి. పొన్నూరు నుంచి వచ్చానన్నారు. నా సంచిలోని మాత్రలు చూసి, గొంతు తగ్గించి, "అబ్బాయికి మూత్రం ఎర్రగా వస్తోందా, బాబూ? అయితే రాత్రికి ఇంకో మాత్ర ఉండాలే, రాయలేదా?" అన్నారు. రాయలేదు. మూత్రాన్ని ఎర్రబరిచే క్షయ మందు రిఫాంపిసిన్ వాడేటప్పుడు హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ ఒంట్లో త్వరగా తగ్గిపోతుంది గనుక, పన్నెండు గంటల తరువాత మరో 50 మిల్లీగ్రాములు వేసుకోవాలని తరువాత డాక్టరుగారు వివరించారు. ఆవిడకు మాత్రం అది తాను పడ్డ జబ్బే నేర్పిందట. తన టోకెను దాటిపోతున్నా, చీటీ సరిచేసేదాకా మా వెంటే నిలబడ్డారు.

ఆ తరువాత క్యారియరు మూతలో రాగిజావ పోసి తమ్ముడి చేత తాగించి, మిగిలింది అదే మూతతో తానూ తాగారు. గిన్నెల వల్ల ఈ రెండు జబ్బులూ అంటవని కౌన్సెలరు చెప్పినా, ఇంట్లో వాడి కంచం, గ్లాసు వేరుగా పెట్టించింది నేనే. అక్కడే తల వంచుకుని ఏడ్చేశాను. పేరు అడగడం కూడా మరిచిపోయాను.

రెండింటికీ ఒకే చోట మందులివ్వాలన్నది ప్రభుత్వ నియమమే అయినా, మేము ఆరు నెలలూ రెండు భవనాలు, రెండు వరుసల మధ్య తిరిగాము. ఒక గదిలోని వారు రెండో గది పుస్తకం తెరిచి చూసి ఉంటే ఆ పొరపాటు జరిగేదే కాదు. 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలకు పెంచిన పోషకాహార సాయం కూడా మాకు నాలుగో నెలకు గాని పడలేదు.

క్షయ మందులు ఆగినా, ఆ రాత్రి మాత్ర ఇంకా రెండు వారాలు ఉంది. అన్నట్టు, విసుక్కోకుండా రెండుసార్లు కళ్లె డబ్బీ తీసుకున్న ల్యాబు అబ్బాయికి, ప్రతి వారం వచ్చి మాత్రల అట్టలు లెక్కపెట్టిన ఆశా అమ్మాయికి కూడా కృతజ్ఞతలు. వాంతులైన రోజు బస్టాండు దాకా దింపి డబ్బు తీసుకోని ఆటో అతన్ని మరిచాను, ఆయనకూ.