నీ పాత రైఫిల్‌కు ఏ ఇత్తడి మంచిది?

బెంగళూరు

అమ్మలూ,

నీ పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలను నువ్వే మళ్లీ నింపుకోవడానికి ఏ ఇత్తడి కేసులు (తుపాకిమందును, గుండును పట్టి ఉంచే తొడుగులు) మంచివని అడిగావు. జవాబు మొదటే చెప్పేస్తాను. కొత్త కేసులే కొనుక్కో. మీ క్లబ్బులో పెద్దాయన ఊరికే ఇస్తానన్న ఆ డబ్బాడు పాత సైనిక కేసులు తీసుకోవద్దు. ఎందుకో ఫోనులో చెప్పబోతే, తుపాకి మాట వినగానే మీ నాన్నగారు కంగారుపడి మాట మార్చేస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

తుపాకులు నాకు తెలియవు గానీ ఇత్తడి బాగా తెలుసు. ఇక్కడి పీణ్య పారిశ్రామికవాడలో, రేకులను అచ్చుల్లో నొక్కే ప్రెస్ షాపు నాణ్యత విభాగంలో ఉన్నన్నాళ్లూ నేను పరీక్షించింది ఎక్కువగా ఈ ఇత్తడినే: 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. తూటా కేసులకు వాడేదీ ఇదే. రేకును పంచ్‌తో డై అనే అచ్చులోకి నెట్టినప్పుడు ఈ పాళ్లలో ఉన్న ఇత్తడి చిరగకుండా లోతుగా సాగుతుంది. సాగినకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడ్డాక ఇంకా లాగితే పగులుతుంది. అందుకే ఒక్కో లాగుడు తర్వాత దాన్ని కొలిమిలో కాచి మెత్తబరుస్తారు. మంచి కేసుకు అడుగు భాగం గట్టిగా ఉండాలి, గుండును పట్టుకునే మెడ మెత్తగా ఉండాలి. ఒకే రేకు ముక్కలో ఈ రెండు గుణాలూ తేవడంలోనే తయారీదారు నేర్పంతా ఉంది.

ఇక నీ లీ-ఎన్‌ఫీల్డ్ సంగతి. అది కాల్చే .303 తూటా గురించి చదివినకొద్దీ నాకు ఆసక్తి పెరిగింది. ఆ రైఫిల్లో బోల్టును, అంటే తూటా వెనుక మూసే కడ్డీని, పట్టి ఉంచే తాళాలు వెనుక వైపు ఉంటాయి కాబట్టి, పేలినప్పుడు బోల్టు కొద్దిగా నొక్కుకుపోతుంది. పైగా మురికి పట్టిన తూటా కూడా యుద్ధంలో ఇరుక్కోకూడదని ఛాంబరును, అంటే తూటా కూర్చునే గదిని, వదులుగా చేశారు. పేలిన క్షణంలో కేసు గోడలు ఛాంబరుకు అతుక్కుపోతాయి, అడుగు మాత్రం వెనక్కి జరుగుతుంది. ఆ సాగుదల అంతా అడుగుకు కాస్త పైన, గోడ పలచబడటం మొదలయ్యే చోట పడుతుంది. నువ్వు ప్రతిసారీ కేసు మొత్తాన్ని డైలో నొక్కి పాత కొలతకు తెస్తే, తర్వాతి పేలుడుకు అదే చోటు మళ్లీ సాగుతుంది. కొన్నిసార్లు కాల్చేసరికి కేసు రెండు ముక్కలవుతుంది.

కాబట్టి కేసు ఎన్నాళ్లు మన్నుతుందన్నది డబ్బా మీది పేరు కంటే, నువ్వు దాన్ని ఎంత సాగనిస్తావన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ముందు తుపాకి మరమ్మతు చేసేవారి దగ్గర హెడ్‌స్పేస్, అంటే బోల్టు ముఖానికీ తూటా అంచు ఆనే చోటుకూ మధ్య దూరం, కొలిపించు. నీది లీ-ఎన్‌ఫీల్డ్‌లో నంబర్ 4 రకం గనుక బోల్టు తలలు (విప్పి మార్చగల ముందు భాగాలు) 0 నుంచి 3 వరకు అంకెలతో దొరుకుతాయి, వదులుగా ఉంటే తల మార్చి సరిచేయవచ్చు. ఆ తూటా ఛాంబరులో తన అడుగున ఉన్న అంచు ఆధారంగా నిలుస్తుంది కాబట్టి కొన్న కేసుల అంచు మందం కాలిపర్‌తో కొలువు. గరిష్ఠం 1.63 మిల్లీమీటర్లు, దానికి దగ్గరగా ఉన్నవాటిని ఏరుకో. మొదటిసారి కాల్చేటప్పుడు అంచుకు ముందు సన్నని రబ్బరు రింగు తొడిగేవారు ఉన్నారు. కేసు బోల్టుకు ఆని ఉంటుంది, సాగాల్సిన ఇత్తడి భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) వైపు సాగుతుంది. లోహం తెలిసిన దానిగా చెబుతున్నాను, అది తెలివైన పని. ఆ తర్వాత కేసు మొత్తాన్ని కాక, మెడ ఒక్కటే డైలో నొక్కి సైజు చెయ్యి. అప్పుడు ఆ కేసు నీ ఛాంబరుకు సరిపోయేలా తయారవుతుంది. స్నేహితుల రైఫిల్లో మాత్రం దాన్ని కాల్చకూడదు.

ఏ కంపెనీ అంటావా, సెర్బియా పీపీయూ కేసులు తీసుకో. గోడలు దళసరిగా ఉంటాయని ఈ తూటా కాల్చేవారిలో వాటికి మంచి పేరుంది. గ్రీసు దేశంలో చేసిన హెచ్‌ఎక్స్‌పీ కేసులు కూడా మేలైనదే, నమ్మకమైన చోట దొరికితే వదలకు. రెండూ కలపవద్దు. గోడ దళసరి అయితే లోపల చోటు తగ్గుతుంది, అదే మోతాదు తుపాకిమందుకు ఒత్తిడి పెరుగుతుంది. మందు తయారీదారు పట్టికను దాటవద్దని నీకు వేరే చెప్పనక్కరలేదు, అయినా చెబుతున్నాను.

పాత సైనిక కేసులు ఎందుకు వద్దంటే, వాటిలో చాలావాటికి ప్రైమర్ (దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న మూత) బెర్డాన్ రకంది. అడుగున రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి, మామూలు పరికరంతో పాత ప్రైమర్ ఊడిరాదు. అంతకంటే పెద్ద చిక్కు పాదరసం. పాత ప్రైమర్లు కొన్నింటిలో పాదరస ఫల్మినేటు అనే పేలుడు పదార్థం ఉండేది. పేలాక ఆ పాదరసం ఇత్తడిలోకి దిగి దాన్ని పెళుసు చేస్తుంది, పైకి చూస్తే ఏమీ తెలియదు. కంటికి కనబడని లోపమున్న సరుకును నేను ఏనాడూ పాస్ చేయలేదు, నా కూతురి ముఖం పక్కన పేలేదాన్ని ఎలా పాస్ చేస్తాను?

నిల్వ గురించి ఒక కథ ఉంది, మన దేశంలో జరిగినదే. ఆంగ్లేయుల సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు ఎవరూ ముట్టకుండానే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి పగులుతుందని మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు 1921లో వివరించారు. కాబట్టి అమ్మోనియా ఉన్న పాలిష్ కేసులకు తగలనివ్వకు. తుపాకి గొట్టం శుభ్రం చేసే ద్రవాల్లోనూ అమ్మోనియా ఉండవచ్చు, సీసా మీద చదువు. కేసులను కొద్దిగా సిట్రిక్ ఆమ్లం కలిపిన గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, బాగా కడిగి ఆరబెడితే చాలు. ఎక్కువసేపు నానితే జింకు కరిగిపోయి గులాబీరంగు తేలుతుంది. చింతపండు పూసి మరిచిపోయిన బిందె ఎర్రబడేది అందుకే.

మెడ పగుళ్లు కనబడటం మొదలైతే మెడను, భుజాన్ని మాత్రమే వేడిచేసి మెత్తబరచు. అడుగుకు వేడి తగలకూడదు. మెత్తబడిన అడుగు ఒత్తిడిని ఆపలేదు, దాన్ని మళ్లీ గట్టిపరిచే దారి నీ దగ్గర లేదు. కాల్చిన ప్రతిసారీ సన్నని తీగ కొసను వంచి, కేసు లోపల అడుగు నుంచి పైకి గీరి చూడు. గాడిలా తగిలితే, లేదా బయట అదే చోట మెరిసే గీత కనిపిస్తే, ఆ కేసును శ్రావణంతో నలిపి పారెయ్యి. ఒక్కో యాభైని ఒక డబ్బాలో పెట్టి, ఎన్నిసార్లు కాల్చావో మూత మీద రాసుకో. ఒక డబ్బాలో ఒకటి చెడితే మిగతావన్నీ ఆ రోజే పరీక్షించు.

దసరాకు వచ్చేటప్పుడు సంచులన్నీ దులిపి చూసుకో. అడుగున ఒక్క తూటా మిగిలిపోయినా మన విమానాశ్రయాల్లో 1959 నాటి ఆయుధాల చట్టం కింద పట్టుకుంటారు. ఖాళీ కేసులు కూడా తేవద్దు. అంచుల కొలతలు మాత్రం ముందుగా రాసి పంపు, చూసి ఏవి ఉంచాలో చెబుతాను.

ప్రేమతో,
అమ్మ