ఆరుద్ర పురుగు మీద మందు కొట్టిస్తారా?

సంపాదకుడు గారికి,

మొన్నటి వానలప్పుడు మీ జిల్లా పేజీలో, కాలనీలో వింత పురుగులు కనిపించాయని, జనం భయపడుతున్నారని ఫొటోతో సహా వార్త వేశారు. ఆ ఫొటోలో ఉన్నవి ఆరుద్ర పురుగులు. తొలకరికి ఒక్కసారైనా చేను గట్టున నడిచినవాళ్లెవరికైనా అవి తెలుసు. రాసిన కుర్రాడికి తెలియలేదనుకుందాం, పేజీ దిద్దినవాళ్లకు కూడా తెలియలేదా? వార్త వచ్చిన మర్నాడే మున్సిపాలిటీ వాళ్లు దిగి పార్కంతా పురుగుల మందు కొట్టారు, పైన బ్లీచింగ్ పౌడర్ చల్లారు. ఇన్నాళ్లూ ఎవరైనా సవరణ రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నాను.

ఆరుద్ర పురుగు కుట్టదు, కరవదు, పంట జోలికి రాదు. ఎనిమిది కాళ్లుంటాయి, సాలీడుకు దగ్గరి చుట్టం. ఒళ్లంతా ఎర్రటి మెత్తని నూగు. వేలితో తాకితే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది, కాసేపటికి మళ్లీ నడక మొదలుపెడుతుంది. చిన్న చిన్న పురుగులను, వాటి గుడ్లను తిని బతుకుతుంది కాబట్టి రైతుకు మేలే తప్ప కీడు లేదు.

అంత చిన్న ప్రాణికి అసలు గండం ఎండతోనే. ఒళ్లు ఎంత చిన్నదైతే, లోపలున్న నీటితో పోలిస్తే పైచర్మం అంత ఎక్కువ, ఉన్న తేమ అంత త్వరగా ఆవిరైపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు మనమైతే చెంబెడు నీళ్లు తాగి తెప్పరిల్లుతాం. దానికి ఆ దారి లేదు. అందుకే ఏడాదిలో చాలా భాగం మట్టిలోనే, తడి ఉన్న లోతులోనే దాక్కుంటుంది. మంచి వాన పడి నేల నానితేనే పైకి వస్తుంది. అదీ కొద్ది రోజులే. పొద్దుటి చల్లదనం ఉన్నంతసేపు తిరిగి, ఎండెక్కి పైమన్ను ఆరేసరికి లోపలికి వెళ్లిపోతుంది. తిండి వెతుక్కోవడం, జత కట్టడం అన్నీ ఆ కాస్త సమయంలోనే జరగాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మందు కొట్టారు!

వానపాము పరిస్థితి ఇంకా కష్టం. అది చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది, చర్మం తడిగా ఉంటేనే ఊపిరి ఆడుతుంది. నేల ఎండితే లోతుకు దిగి, జిగురుతో చిన్న గది చేసుకుని, ముడుచుకుని పడుకుంటుంది. నత్త అయితే గుల్ల నోటికి జిగురు పొరతో మూత వేసుకుని నెలల తరబడి ఆగుతుంది. ఈజిప్టు ఎడారి నత్తనొకదాన్ని చచ్చిందనుకుని 1846లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అట్టకు అతికించారు. 1850లో అట్ట మీద మరక చూసి అనుమానం వచ్చి గోరువెచ్చని నీళ్లలో వేస్తే, అది లేచి పాకింది. నాలుగేళ్ల కరువును తట్టుకున్న ప్రాణి అది!

ఇంత ఓర్పున్న జీవులను కూడా మన అధికారులు బతకనివ్వడం లేదు. వాటికి కావాల్సిందల్లా కాస్త మట్టి. మా పార్కులో అదే లేకుండా చేశారు. నడకదారి పేరుతో చెట్ల మొదళ్ల దాకా సిమెంటు, టైల్స్ పరిచేశారు. వాన వెలిసి ఎండ కాసిన పొద్దున వచ్చి చూడండి. పైకి వచ్చిన వానపాములు తిరిగి దిగడానికి మన్ను దొరక్క, ఒంటి తడి ఆరిపోయి, నల్లటి దారప్పోగుల్లా టైల్స్‌కు అతుక్కుపోయి ఉంటాయి. వాటిని ఊడ్చేసి చెత్తబండిలో వేస్తారు. చెట్టు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ విషయంలో చెప్పింది. మన దగ్గర ఆ ఊసే లేదు. అడిగితే కాంట్రాక్టరు పని అయిపోయిందంటారు, బిల్లు కూడా అయిపోయిందంటారు. దోమలకు ఫాగింగ్ చేయమని మొత్తుకుంటే సిబ్బంది లేరన్నవాళ్లకు, ఏ పాపమూ ఎరగని పురుగులను చంపడానికి మాత్రం ఒక్క రోజులో మనుషులూ మందూ ఎక్కడి నుంచి వచ్చాయి?

పిల్లలను అనడానికీ లేదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, వానపాము బొమ్మ గీయించి మార్కులు వేసినవాణ్ణి. ఇప్పుడు ఆ బొమ్మ కూడా పోయింది, బిట్లే మిగిలాయి. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు ఆరుద్ర పురుగును చూసి కేకలు పెట్టి పరుగెత్తుతున్నారంటే తప్పు వాళ్లది కాదు.

నేను అడిగేవి మూడే. అవి ఆరుద్ర పురుగులని, వాటితో ఏ భయమూ లేదని అదే పేజీలో, అంతే పెద్దగా ఫొటో వేసి రాయండి. తొలకరి రోజుల్లో పార్కుల్లో, ఖాళీ స్థలాల్లో మందు కొట్టే ముందు వ్యవసాయ శాఖ వాళ్లనైనా ఒక మాట అడగాలని కమిషనర్ గారు ఆదేశించాలి. చెట్ల మొదళ్ల చుట్టూ వేసిన టైల్స్ ఈ వానాకాలంలోనే తీయించాలి.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
పాలమూరు ప్రాంతం